కోస్తా అంటే పక్కటెముక

యాంగోన్‌లో పోర్చుగీసు ఇంటిపేరు ఉన్న ప్రతి మనిషి కాగితమూ నా చేతి మీదుగా వెళ్ళింది. డి సిల్వాలు, పెరేరాలు, డ కోస్తాలు, పింటోలు, అందరికీ వాళ్ళ పేరుకి అర్థం చెప్పినవాణ్ణి నేనే. వాళ్ళ తాతలకి తెలియనిది, పాన్‌సొడాన్ వీధిలో మూడో అంతస్తులో, ఒక కాలు పొట్టిదైన బల్ల వెనక కూర్చున్న తెలుగువాడికి తెలిసింది. లాటిన్ నుంచి బర్మా భాషలోకి అనువాదం చేసి, దాని మీద లాయరు ముద్ర వేయించుకున్న తెలుగువాడు ఈ ఊళ్ళో నేను తప్ప ఇంకొకడు లేడు.

చివరి వాక్యం నిజం. మిగతావాటి సంగతి తర్వాత చెప్తాను.

నలభై ఏళ్ళు కాగితాల అనువాదకుడిగా పనిచేశాను. జనన పత్రాలు, పెళ్ళి పత్రాలు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పే జాబితాలు, బడి సర్టిఫికెట్లు, వీటిని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి, లాయరు చేత ముద్ర కొట్టించి ఇవ్వడం మా పని. ఈ మధ్య ఊళ్ళో సగంమంది పాస్‌పోర్టు వరసలో ఉన్నారు, మిగతా సగం వాళ్ళ కాగితాలు అనువదించే బల్లలు పెట్టుకున్నారు. మన తెలుగు పిల్లలు కూడా దిగుతున్నారు. భాష రాకపోయినా చేతిలో ఫోన్ ఉంది కదా అని వాళ్ళ ధీమా. వాళ్ళ కోసమే ఇది. జీతాల సంగతి రాయను, రాస్తే ఎవరూ చేరరు. ప్రమోషన్ల సంగతీ రాయను. మా పనిలో ప్రమోషన్ అంటే కిటికీ పక్క బల్ల. అది నాకు ఇరవై రెండేళ్ళకి వచ్చింది. అప్పటికి కిటికీకి ఎదురుగా ఇంకో మేడ లేచింది.

తోకలేని పేర్ల ఊరు

బర్మావాళ్ళకి ఇంటిపేరు లేదు. తండ్రిది ఒక పేరు, కొడుకుది ఇంకో పేరు, తల్లిది మరో పేరు. ఒకే కంచంలో తింటారు, కాగితం మీద మాత్రం రైలు పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న వాళ్ళలా ఉంటారు. హాయైన జాతి. కానీ లోకంలో ప్రతి దరఖాస్తులోనూ మొదటి గడి ఇంటిపేరుదే. ఆ గడి నింపడం నా జీవనాధారం.

ఒకసారి ఒక అన్నకి పేరులో చివరి మాట తీసి ఆ గడిలో వేశాను. రెండు వారాల తర్వాత చెల్లెలు వస్తే ఆవిడ పేరులో మొదటి మాట వేశాను. ఆ రోజు నా మనసు ముందువైపు ఉంది. విదేశీ ఆఫీసులో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మీరిద్దరూ తోబుట్టువులని రుజువేమిటి అని అడిగారట. చెల్లెలు తిరిగొచ్చి నా బల్ల మీద కాగితం పరిచింది.

"సయా, మా అమ్మ ఇప్పుడు ఎవరి అమ్మ?" అంది.

సయా అంటే ఇక్కడ గురువు. ఆ మాటతో తిడితే తిట్టు ఇంకా బాగా తగులుతుంది.

మనవాళ్ళ బాధ ఇంకోరకం. మనకి ఇంటిపేరు ముందుంటుంది, పోర్చుగీసువాళ్ళకి వెనక. కొత్తలో నేను మహా చురుకైనవాణ్ణి. కాగితంలో ఉన్న ప్రతి మాటనీ అనువదించాలి అన్నది నియమం కదా అని, గేదెల రమణ అనే మంచి వ్యాపారస్తుడి ఇంటిపేరుని కూడా ఇంగ్లీషులోకి మార్చేశాను. ఆయన బఫెలోస్ రమణ పేరుతో సింగపూరు దాకా వెళ్ళివచ్చాడు. తిరిగొచ్చాక ఆయన షాపులో నాకు చింతపండు ఎప్పుడూ మంచిది దొరకలేదు.

అప్పుడు తెలిసింది, పేరు ఉన్నది పిలవడానికి, అర్థం చెప్పడానికి కాదు అని. తెలుసుకున్నాను అన్నానుగానీ, గుర్తుంచుకున్నాను అనలేదు.

ఊ తూన్ గారు

మా లాయరు పేరు ఊ తూన్. సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా పైబొత్తాం పెట్టుకునేవాడు. ఎవరికీ ఏదీ కాదనేవాడు కాదు. చేయలేని పని అడిగితే, "చేద్దాం" అని చెప్పి, అది మాకు అప్పగించి, తాను టీ దుకాణానికి వెళ్ళిపోయేవాడు. మా ఆఫీసులో అసాధ్యాలన్నీ ఆయన టీ తాగుతుండగా జరిగాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. అనువాదకుడు నీళ్ళ గొట్టంలాంటివాడు అనేవాడు. "నీళ్ళు ఈ వైపు పోస్తే ఆ వైపు రావాలి. నీళ్ళలో గొట్టం రుచి తగిలితే ఆ గొట్టం మార్చెయ్యాలి." నా గొట్టంలో ఎప్పుడూ కొంచెం ఆవపెట్టిన ఘాటు ఉండేది. ఆయనకి తెలుసు. మార్చలేదు, ఎందుకంటే కొత్త గొట్టానికి ఎక్కువ ఇవ్వాలి.

నేను నోటితో చెప్తుంటే టైపు కొట్టేది పైడమ్మ. ఆఫీసులో అందరికీ బర్మా పేరుతో దా ఖిన్ ఏ, ఇంట్లో పైడితల్లి. వాళ్ళ తాత సేక్కాన్ రేవులో మూటలు మోసినవాడు, మా తాతలాగే. ఇద్దరి తాతలూ ఒకే ఓడలో వచ్చారని నేనంటాను, కాదని ఆమె అంటుంది. నాకన్నా ఆరేళ్ళు చిన్నది, నన్ను అన్నియ్యా అని పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవం ఎంతో నలభై ఏళ్ళలో తేల్చుకోలేకపోయాను.

మనవాడే

ఆంతోనీ డ కోస్తా మా దగ్గరికి వచ్చి పదిహేనేళ్ళ పైమాటే. ఈ సంగతి రాస్తానని ఆయన్నడిగితే, "రాయండి సయా, తెలుగులో ఎవరు చదువుతారు" అన్నాడు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్. నల్లగా, పొట్టిగా, చెవుల మీద వెంట్రుకలతో ఉంటాడు. పక్కనే కూతురు తెరీసా, ఇక్కడ బడిలో ఆఖరిదైన పదో తరగతి పాసై మార్కుల కాగితం గుండెలకి హత్తుకుని నిలబడింది. ఆ మార్కులకి మెడికల్ కాలేజీలో సీటు ఖాయం. కానీ దరఖాస్తుతో పాటు గుర్తింపు కార్డు పెట్టాలి. కూతురి కార్డు కావాలంటే తండ్రి కార్డు సరిగ్గా ఉండాలి. తండ్రి కార్డు వరదలో నాని, జాతి అన్న పంక్తి చెరిగిపోయింది. ఈ దేశంలో ఆ పంక్తికి ఎంత బరువుందో తెలియనివాళ్ళకి ఒక్క మాటలో చెప్తాను. అందులో స్థానిక జాతి పేరుంటే గులాబీ రంగు కార్డు. పరాయి దేశం పేరుంటే పై ఆఫీసు, విచారణ, వేరే రంగు. ఆ వేరే రంగుకి మెడికల్ కాలేజీ తలుపు తెరవరు.

కౌంటర్‌లో ఆఫీసరు ఆంతోనీ పేరు చూసి, "ఈ తోక ఎక్కడిది? ఇంటి చరిత్ర రాయించుకుని రా" అన్నాడట. దరఖాస్తులకి మూడు వారాల గడువుంది.

"మీ తాత ఏమనేవాడు?" అని అడిగాను.

"ఓడల మీద వచ్చాం అనేవాడు."

"ఎక్కణ్ణుంచి?"

"అది చెప్పలేదు. మేం బాయింజీలం అని మా అమ్మ అనేది."

బాయింజీలు అంటే, నాలుగు వందల ఏళ్ళ కిందట నది అవతల తన్‌లిన్ కోట పడిపోయినప్పుడు బర్మా రాజు పట్టుకుపోయి పై ఊళ్ళలో నాటిన పోర్చుగీసు ఫిరంగివాళ్ళ సంతతి. మనం ఫిరంగి అంటున్న మాటే ఇక్కడివాళ్ళ నోట్లో బాయింజీ అయింది. వాళ్ళని ఆఫీసులు ఇక్కడి మనుషుల కిందే లెక్కగడతాయి. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నా ఎదురుగా నాలాంటి మొహం ఒకటి కూర్చుని ఉంది, దాని పేరు కోస్తా.

కోస్తా. మనం ఎవరం? కోస్తావాళ్ళం. మన తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారు? కోస్తా జిల్లాల నుంచి. మాటకి మాట, అక్షరానికి అక్షరం. మధ్యాహ్నం అయింది, నా క్యారియర్ విప్పి ఆంతోనీకి మావిడికాయ పచ్చడి పెట్టాను. అన్నంలో కలుపుకుని తిన్నాడు. కళ్ళలో నీళ్ళు రాలేదు. ఇంతకంటే రుజువు ఏ కోర్టు అడుగుతుంది?

పైడమ్మ తెలుగులో గొణిగింది. "ఆడి మొకం మనోడి మొకంలాగే ఉంది గానీ అన్నియ్యా, అడక్కుండా రాసీకు."

"అడగడానికేముంది, పేరులోనే ఉంది."

"పేరులోన సానా ఉంటాయి. ఆ రమణగారి గేదిలు మర్సిపోనావేటి?"

నేను వినలేదు. ఎందుకు వినలేదో నిజం చెప్తాను. మనవాళ్ళు తగ్గిపోతున్న ఊరు ఇది. పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు, బర్మాలో జవాబిస్తారు. అలాంటిచోట ఒక్కడు పెరిగితే ఏం నష్టం అనుకున్నాను. బల్ల వెనక కూర్చుని చుట్టాల్ని వెతుక్కున్నాను. మా వృత్తిలో లంచం కన్నా చెడ్డ అలవాటు అదే. లంచానికి ఒక హద్దుంటుంది.

ఇంటి చరిత్రలో ఇలా రాశాను: కోస్తా అనునది ఇండియా దేశపు తూర్పు తీరానికి తెలుగు భాషలో గల పేరు. ఈ వంశమువారు ఆ తీరము నుండి వచ్చినవారు.

ఆంతోనీ రెండుసార్లు చదువుకున్నాడు. "సయాకి తెలుసు కదా," అన్నాడు. అది ప్రశ్న. నేను దాన్ని పొగడ్తగా తీసుకున్నాను. సంతకం పెట్టాడు.

పెన్సిల్ గీత

నాలుగో రోజు తిరిగొచ్చాడు. తెరీసా ఈసారి మార్కుల కాగితాన్ని చేతిలో గొట్టంలా చుట్టి పట్టుకుంది.

"ఆఫీసరు, మీరే రాసి ఇచ్చారు కదా అన్నాడు సయా. ఫైలు మీద పెన్సిల్‌తో ఇండియా అని రాశాడు. ఇంకో దొంతరలో పెట్టాడు. పై ఆఫీసుకి పోవాలట. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే నవ్వాడు."

తెరీసా తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పు చేసిన టీచరుని మంచి విద్యార్థి చూసినట్టు.

ఊ తూన్‌కి చెప్పాను. తిట్టలేదు. టీ దుకాణానికి లేచాడు. తలుపు దగ్గర ఆగి, "అతని తాత ఎక్కడ పుట్టాడో నువ్వు చూశావా?" అన్నాడు.

"లేదు."

"చూసొచ్చి రాయి," అని వెళ్ళిపోయాడు. ఆయన నాకిచ్చిన శిక్షణ మొత్తం అదే. నేను మీకిచ్చేదీ అంతే. పేరు చూసి రాయకండి, పుస్తకం చూసి రాయండి.

ఇక్కడ మొదట్లో కొట్టిన గొప్పల లెక్క తేల్చేస్తాను. నలభై ఏళ్ళలో నా బల్ల దగ్గరికి వచ్చిన పోర్చుగీసు ఇంటిపేర్లు మొత్తం నాలుగు. అందులో రెండు ఒకే పింటోవి. మొదటి కాపీ వానలో తడిసిందని మళ్ళీ వచ్చాడు. వాళ్ళ పేర్లకి అర్థం నేను ఎవరికీ చెప్పలేదు. నాకే ఒక ముసలి ఫాదర్ చెప్పాడు. లాటిన్ నాకు రాదు. ముద్ర మాత్రం నిజంగా పడింది.

నది అవతల

ఫాదర్‌కి ఎనభై దాటాయి. పదవి దిగిపోయి తన్‌లిన్‌లో చర్చి వెనక గదిలో, రెండు పిల్లులతో ఉండేవాడు. ఆంతోనీ తాతకి జ్ఞానస్నానం అక్కడే జరిగిందని వాళ్ళమ్మ చెప్పిన గుర్తు. ఆదివారం నేనూ ఆంతోనీ బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా అతను కిటికీ వైపు, నేను నా మోకాళ్ళ వైపు చూసుకున్నాం.

నేను రాసిన ఇంటి చరిత్ర ఫాదర్ చదివాడు. ఒళ్ళోని పిల్లి దిగిపోయేంతగా నవ్వాడు.

"కోస్తా తెలుగు మాటా?"

"మా జిల్లాల పేరే అది, ఫాదర్."

"ఆ మాట మీకు ఎక్కడిది?"

ఎక్కడిదేమిటి, మాదే అన్నాను.

"మీ ఒడ్డున ఓడలాపి బట్టలు కొన్నవాళ్ళు మీకు రెండు మూడు మాటలు వదిలిపోయారు. అందులో అదొకటి అంటారు. వాళ్ళ మాట మీరు తీసుకుని, ఇప్పుడు వాళ్ళ మనిషిని కూడా తీసుకుంటున్నారన్నమాట."

తర్వాత చేత్తో తన చొక్కా మీద, గుండె పక్కన తట్టుకున్నాడు. లాటిన్‌లో కోస్తా అంటే మొదట పక్కటెముకట. పక్కటెముక నుంచి పక్క. పక్క నుంచి కొండకి పక్క, అంటే కొండవాలు. కొండవాలు నుంచి నీటికి పక్క, అంటే ఒడ్డు. డ కోస్తా అంటే ఒడ్డు మీదివాడు, వాలు మీదివాడు. "రాజుల పేరని చెప్పుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. డి సిల్వా అంటే అడివి. పెరేరా అంటే బేరిపండు చెట్టు. ఫెరేరా ఇనుము నుంచి పుట్టిన పేరు. చిరునామాలూ చెట్లూ, అంతే. పింటో అంటే కోడిపిల్ల అని కూడా అర్థం ఉంది."

మా ఇంటిపేరు పిల్లా. ఆ పింటోగారు రెండుసార్లు వచ్చినా నేను చుట్టరికం కలుపుకోలేకపోయానే అనిపించింది. ఆ సమయంలో కూడా నా బుద్ధి అలాగే పోయింది.

రిజిస్టరు తెచ్చాడు. చెదలు తిన్న అంచులు, గోధుమరంగు సిరా. వేలితో ఒక్కొక్క మాటే చూపిస్తూ బర్మాలో చెప్తుంటే నేను రాసుకున్నాను. బిడ్డ పేరు ఆంతోనియో, అంటే మన ఆంతోనీ తాత. తల్లి మరియా, బాయింజీ స్త్రీ. తండ్రి జువావో డ కోస్తా. అక్కడ ఫాదర్ వేలు ఆగింది. తర్వాత ముందుకి కదిలింది. "మునుపు అప్పన్న అను పేరుతో కోరంగి రేవు నుండి వచ్చినవాడు. జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రి ఇంటిపేరు ధరించెను."

జ్ఞానతండ్రి అంటే జ్ఞానస్నానంలో పక్కన నిలబడి పూచీ పడ్డవాడు అని ఫాదర్ వివరించాడు.

కోరంగి అంటే తెలియని తెలుగువాడు ఈ ఊళ్ళో ఉండడు. మన తాతలు ఓడ ఎక్కిన రేవు అది. తర్వాత ఇక్కడ మనల్ని పిలిచే తిట్టు అయింది. చిన్నప్పుడు బళ్ళో ఆ మాటకి నేను ఇద్దరి పళ్ళు రాలగొట్టాను. సరే, ఒకడిది. అది కూడా ఊడబోతున్న పాలపన్ను.

"అయితే సయా రాసింది తప్పు కాదా?" అన్నాడు ఆంతోనీ.

"తప్పే. తప్పు దారిలో వెళ్ళి సరైన ఇంటికి చేరాను."

అతను ఆ పేజీ మీదికి వంగాడు. "అప్పన్న అంటే అర్థం ఏమిటి?"

"మా వైపు ఒక కొండ ఉంది. ఆ కొండ మీద దేవుడి పేరు."

చెప్పాక నాకే తట్టింది. కొండ దేవుడి పేరున్నవాడు, కొండవాలు అనే పేరులోకి మారాడు. మతం మార్చుకున్నాడుగానీ చిరునామా మార్చుకోలేదు. ఈ ముక్క ఆంతోనీకి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. అతను రిజిస్టరు మీద, అప్పన్న అన్న చోట, నూనె మరకలున్న వేలు ఒక్కసారి ఆనించి తీసేశాడు.

బస్సులో అన్నాడు. "మీరు ఏం రాస్తే అదే తీసుకెళ్ళి ఇస్తాను సయా. నేనేమీ అడగను."

అడిగి ఉంటే కోప్పడేవాణ్ణి. అడగలేదు, అదే కష్టమైంది. మొత్తం రాస్తే పెన్సిల్‌తో రాసిన ఇండియా సిరాతో రాసిన ఇండియా అవుతుంది, ఆ అమ్మాయి సీటు పోతుంది. ఒక్క పంక్తి ఆపితే తండ్రి డ కోస్తా, తల్లి బాయింజీ, కార్డు గులాబీ. ఫాదర్ గుమ్మం దాకా వచ్చి అన్న మాట చెవిలోనే ఉంది. "రాసి ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇక నీ పని."

ఒక్క పంక్తి

మర్నాడు పొద్దున్నే తెరీసా వచ్చి వెనక నిలబడింది, పైడమ్మ మిషన్‌లో కాగితం ఎక్కించింది. నేను నిలబడి చెప్పాను. కూర్చుని చెప్పడం నా అలవాటు, ఆ రోజు నిలబడ్డాను. బిడ్డ పేరు చెప్పాను. తల్లి పేరు చెప్పాను. తండ్రి జువావో డ కోస్తా అని చెప్పాను. తర్వాతి పంక్తి నా కళ్ళ ముందు ఉంది. అప్పన్న నన్ను చూస్తున్నాడు. మూటలు మోసిన భుజాలతో, మా తాత ముఖంతో చూస్తున్నాడు. ఆ పంక్తి దాటేశాను. మిషన్ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. అయిపోయాక కింద సంతకం పెట్టాను.

చుట్టం అవునో కాదో తెలియనప్పుడు చుట్టాన్ని చేసుకున్నవాణ్ణి, చుట్టమేనని తెలిశాక కాగితంలోంచి బయటికి తోసేశాను. నలభై ఏళ్ళలో తెలిసి చేసిన ఒకే ఒక్క నేరం. ఆ రోజు నా చేతులు వణకలేదు. ఒక ఆడపిల్ల చదువు ఒక పక్క, నా వృత్తి ధర్మం ఒక పక్క ఉంటే, ధర్మాన్ని నేనే నా చేతులతో పక్కకి జరిపాను.

కౌంటర్ దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆఫీసరు చదివాడు, తల ఊపాడు, "బాయింజీ అని ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. పెన్సిల్‌తో రాసిన దేశాన్ని రబ్బరుతో చెరిపాడు. ఒక మనిషి చేసిన సముద్రప్రయాణమంతా పొడి అయి రాలింది. ఉఫ్ అని ఊదాడు.

గడువుకి రెండు రోజుల ముందు కార్డు చేతికొచ్చింది. తెరీసా ఇప్పుడు మింగళాడోన్ వైపు ఒక ఆస్పత్రిలో డాక్టరు. నాకు బీపీ చూస్తుంది. ఉప్పు తగ్గించమంటుంది. ఆంతోనీ మటుకు చిన్న మనవడికి చర్చిలో పెట్టించిన పేరు కాక, ఇంట్లో ఇంకోటి పిలుస్తాడు. అది ఏమిటో మీరు ఊహించుకోగలరు. వాడికి నాలుగేళ్ళు. ఎందుకలా పిలుస్తారో వాడికి ఇంకా తెలియదు.

మీరు ఇలా చెయ్యచ్చా అని అడిగితే, వద్దు అంటాను. ఇవాళ ఒక మంచి అమ్మాయి కోసం పంక్తి దాటేసిన నోరు, రేపు ఒక దొంగ కోసం దాటేస్తుంది, ఎల్లుండి ఎవరూ అడక్కుండానే దాటేస్తుంది. నేను ఒక్కసారితో ఆపగలిగాను, అది నా గొప్ప అనుకోండి. కానీ మనిషిని రబ్బరుతో చెరపగలిగే కౌంటర్లు ఉన్నంతకాలం, మీ బల్ల దగ్గరికి కూడా అలాంటి పంక్తి ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని దాటేసేది మీరే అని తెలిసి దాటెయ్యండి. తర్వాత ఎవరి మీదా తోయకండి.

పైడమ్మకి చదివి వినిపించాక

ఇంతవరకు రాసి, అచ్చుకి ఇచ్చేముందు పైడమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఆమెకి ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు, నేనే చదివాను. బియ్యంలో రాళ్ళు తడిమి ఏరుతూ వింది. గేదెల దగ్గర నవ్వింది. పిల్లి దగ్గర నవ్వింది. చివరి భాగం దగ్గర చెయ్యి ఆపింది.

"ఒక్క పంక్తి అన్నావు సూడు, అది మల్లీ సదువు."

మళ్ళీ చదివాను. అప్పన్న చూపు, దాటెయ్యడం.

"అన్నియ్యా, నువ్వు దాటెయ్యనేదు."

"దాటెయ్యకపోతే కాగితంలో ఎందుకు లేదు?"

"నువ్వు అప్పన్న అన్నావు. కోరంగి అన్నావు. గేనతండ్రి ఇంటిపేరు అన్నావు. అచ్చరం వొదల్నేదు. గొంతుక మాత్రం మేకపిల్లలాగ వొనికిపోయింది. నానే ఆ లైను కొట్టనేదు."

కిటికీలోంచి కింద అరటిపళ్ళ బండివాడి కేక వినిపించింది. నేను ఆ పొద్దుటిని మొదటినుంచీ మళ్ళీ తలుచుకోవడానికి ప్రయత్నించాను. మిషన్ చప్పుడు ఆగిన చోట నా గొంతు ఉందో లేదో ఎంతకీ తేలలేదు.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"రెండో రోజు నువ్వు కాపీ సూసినావు. ఆ లైను నేదని సూసి, ఓరి నానెంత గట్టోడిని అని నీకు నువ్వే అనుకున్నావు. టీ కొట్టుకాడ ఊ తూన్‌కి అదే సెప్పినావు, మా ఇంటాయనకి అదే సెప్పినావు. ఆ పిల్ల పెల్లిలోనా అదే సెప్పినావు. అంత మురిసిపోతన్నోడిని పట్టుకోని నానేటి సెప్పీది?"

"పట్టుబడితే నీ ఉద్యోగం పోయేది, పైడమ్మా."

"పోతే పోయీది. ఎనకాల ఆ పిల్ల నిలబడుంది, సదువుకున్న మొకం. నాకు అయిదో కళాసుతో ఆపీసినారు." బియ్యం చాటని ఒకసారి ఎగరేసి, ఊక ఊదింది. "నువ్వు రాసుకో. అందరికీ బుద్ది సెప్తన్నావు గదా, సెప్పు. గానీ ఆ పిల్ల డాకటరవ్వడానికి నువ్వు సేసింది ఒకటే. సదవకుండా సంతకం ఎట్టినావు."